పాత దుకాణం టోకెన్ ఏ ఊరిదో పట్టుకోవడం

అమెరికా చిన్న పట్టణాల సెలూన్లు (మద్యం అమ్మే బార్లు), కిరాణా కొట్లు ఇచ్చిన ‘గుడ్ ఫర్ 5 సెంట్స్ ఇన్ ట్రేడ్’ (ఆ కొట్లో ఐదు సెంట్ల సరుక్కి చెల్లే) లోహపు టోకెన్ దొరికితే ముందు తోమకండి. పాలిష్ పెడితే పాతరంగు పోతుంది, దాంతోపాటే విలువా. మట్టి ఉంటే డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి, రుద్దకుండా మెత్తని గుడ్డతో అద్దండి.

వ్యాసం, బరువు రాసుకోండి. పక్కనుంచి ఏటవాలుగా లైటు వేసి ఫొటో తీస్తే అరిగిన అక్షరాలు తేలతాయి. అల్యూమినియందైతే సాధారణంగా 1890 తర్వాతిదే. అంతకుముందు ఆ లోహం బాగా ఖరీదు.

యజమాని పేరుండి ఊరు లేనివాటితోనే అసలు తంటా. టోకెన్లు సేకరించేవాళ్లు వీటిని మావరిక్‌లంటారు. అదే పేరు నాలుగు రాష్ట్రాల్లో కనబడొచ్చు, మొదట దొరికిన ఊరికే అంటగట్టేయకండి. సిటీ డైరెక్టరీలో (ఊళ్లోని మనుషులు, వ్యాపారాల జాబితా పుస్తకం) వ్యాపారం, జనాభా లెక్కల్లో వృత్తి, రెండూ కలవాలి. 1890 లెక్కలు చాలావరకు 1921 అగ్నిప్రమాదం వల్ల పోయాయి కాబట్టి 1880, 1900 చూడండి. శాన్‌బోర్న్ అగ్నిబీమా మ్యాపుల్లో కొట్టు ఉన్న భవనం కూడా దొరకొచ్చు: గులాబీ రంగైతే ఇటుక, పసుపైతే చెక్క.

సెలూన్ టోకెన్‌కు మద్యనిషేధం తేదీ మంచి గీటురాయి. దేశమంతటా 1920లో వచ్చినా కాన్సస్‌లో 1881 నుంచే ఉంది. అల్యూమినియంవి 1890 తర్వాతివి కాబట్టి, అలాంటి సెలూన్ టోకెన్‌ను ఆ రాష్ట్రానిదనే ముందు మరో ఆధారం వెతకండి.