వాటర్ ప్లాంటుకు కొటేషన్ కోరే లేఖలో ఏమేం రాయాలి?

మునుగోడు, మర్రిగూడ, చండూరు వైపు ఏదైనా ఊరి కమిటీ వాటర్ ప్లాంటు పెట్టాలనుకుంటే ముందుగా జరిగేది, తెలిసిన సరఫరాదారులకు ఫోన్ చేసి "వెయ్యి లీటర్ల ప్లాంటు ఎంత పడుతుంది?" అని అడగడం. ముగ్గురిని అడిగితే మూడు ధరలు వస్తాయి. ఒకరు ట్యాంకులు కలిపి చెబుతారు, ఒకరు కలపకుండా చెబుతారు, మూడో ఆయన బోరు నీళ్ల సంగతి అడగకుండానే ఒక అంకె వేస్తాడు. వాటిలో ఏది తక్కువో తేల్చడం ఎవరి తరమూ కాదు. అందరూ ఒకే వస్తువుకు, ఒకే షరతుల మీద ధర వేసేలా చూడడమే కొటేషన్ లేఖ పని.

లేఖ మొదలుపెట్టకముందే బోరు నీటిని పరీక్ష చేయించాలి. పటికతో, సున్నంతో ఫ్లోరైడు తగ్గించే పద్ధతికి 'నల్గొండ టెక్నిక్' అన్న పేరే స్థిరపడిన జిల్లాలో, నీళ్ల సంగతి చెప్పకుండా ప్లాంటు ధర అడగడం వింతగానే ఉంటుంది. నీటిలో కరిగిన లవణాలు, అంటే టీడీఎస్, ఎంత ఉన్నాయన్న దాన్నిబట్టే పంపు ఎంత ఒత్తిడితో నడవాలి, మెంబ్రేన్లు (లవణాలను వడగట్టే పొరలు) ఎన్ని కావాలి, ఎన్ని నీళ్లు వృథాగా పోతాయి అన్నవి తేలుతాయి. అందుచేత పరీక్ష నివేదిక నకలును లేఖకు జతచేసి, నీటిమట్టం పడిపోయే ఎండాకాలంలో అంకెలు మారవచ్చు గనుక నమూనా తీసిన తేదీని కూడా రాయాలి. తాగునీటికి భారత ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు. వేరే నీటి ఆధారం లేనిచోట మాత్రమే 1.5 వరకు అనుమతి ఉంది. మీకు కావలసిన హద్దు ఏదో లేఖలోనే చెప్పాలి.

'వెయ్యి లీటర్లు' అన్న మాట దగ్గరే ఎక్కువ తగాదాలు పుడతాయి. అది ప్లాంటులోకి వెళ్లే నీరా, శుద్ధి అయి బయటికి వచ్చే నీరా అన్నది రాయకపోతే ఎవరికి అనుకూలంగా వారు చదువుకుంటారు. అసలు విషయాన్ని ఈ విధంగా రాస్తే సరిపోతుంది:

"గంటకు 1,000 లీటర్ల శుద్ధి చేసిన నీటిని ఇచ్చే ఆర్ఓ ప్లాంటు సరఫరాకు, బిగింపుకు మీ ధర తెలుపగలరు. మా బోరు నీటి పరీక్ష నివేదిక జతచేశాము. శుద్ధి అయిన నీటిలో ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాముకు మించరాదు. ఇసుక ఫిల్టరు, కార్బన్ ఫిల్టరు, హై ప్రెషర్ పంపు, మెంబ్రేన్లు, యూవీ ల్యాంపు, ప్యానెల్ బోర్డు, నిల్వ ట్యాంకుల ధరలను వేర్వేరుగా, కంపెనీ పేరు, సైజు, సంఖ్యలతో సహా రాయగలరు. గది, త్రీఫేజ్ కరెంటు, బోరు కనెక్షన్ మేము సమకూరుస్తాము."

చివరి వాక్యాన్ని చాలామంది వదిలేస్తారు. బిగించే రోజున వైరు ఎవరు తేవాలన్న గొడవ అక్కడినుంచే వస్తుంది. 'మంచి కంపెనీ మెంబ్రేన్లు' అని జవాబు వస్తే అది జవాబు కిందికి రాదు, పేరు రాయించుకోవాలి.

ధర విషయంలో జీఎస్టీ, రవాణా, హమాలీ, బిగింపు ఖర్చులను విడివిడిగా చూపించి, చివరన మొత్తం వేయమని కోరాలి. అలంపూర్, గద్వాల వారికి ఆంధ్రప్రదేశ్‌లోని కర్నూలు దగ్గర; మక్తల్, నారాయణపేట వారికి కర్ణాటకలోని రాయచూరు దగ్గర. పక్క రాష్ట్రంనుంచి వచ్చే సరుకుకు బిల్లులో ఐజీఎస్టీ పడుతుంది, తెలంగాణ వ్యాపారి బిల్లులో సీజీఎస్టీ, ఎస్జీఎస్టీ అని రెండుగా కనిపిస్తుంది. కాంపోజిషన్ పథకంలో (చిన్న వ్యాపారులు తమ అమ్మకాల మీద తక్కువ రేటుతో పన్ను కట్టే పద్ధతిలో) ఉన్న స్థానిక వ్యాపారి అసలు పన్ను విడిగా వసూలు చేయకూడదు. జీఎస్టీ నమోదు లేని కమిటీకి కట్టిన పన్ను తిరిగి రాదు గనుక పోల్చవలసింది చివరి మొత్తాన్నే.

కొన్న ధరకంటే నడిపే ఖర్చే కమిటీలను కుంగదీస్తుందని నా అభిప్రాయం. అందువల్ల కార్ట్రిడ్జ్‌లు (తరచూ మార్చే చిన్న ఫిల్టర్లు), మెంబ్రేన్లను రక్షించే మందు, మార్చవలసి వస్తే ఒక్కో మెంబ్రేన్ ధర, వారంటీ తీరాక ఏడాది నిర్వహణకు ఎంత తీసుకుంటారన్నవి ఈ లేఖలోనే అడగాలి. ప్లాంటు ఆగితే మెకానిక్ ఎక్కడినుంచి, ఎన్ని గంటల్లో వస్తాడన్న ప్రశ్న కూడా చేర్చాలి. హైదరాబాద్‌నుంచి రావలసిన మనిషికీ, నల్గొండలోనే ఉండే మనిషికీ మధ్య తేడా మండుటెండల్లో తెలుస్తుంది.

చెల్లింపు షరతులు మీరే ముందు రాయండి. కొంత అడ్వాన్సు, సరుకు దిగాక కొంత, బిగించిన తరువాత నీటిని మళ్లీ పరీక్ష చేయించి ఫలితం సరిగ్గా వచ్చాకే మిగతాది అని స్పష్టంగా ఉండాలి. ధర కనీసం 30 రోజులు చెల్లాలని, కొటేషన్ ఏ తేదీన ఎన్ని గంటలలోపు ఎవరికి అందాలో కూడా రాయాలి. మీ దగ్గర ఎంత డబ్బు ఉందో మాత్రం రాయకూడదు, రాస్తే ధరలన్నీ ఆ అంకె చుట్టూనే తిరుగుతాయి.

ఒకే లేఖను ఒకే రోజున కనీసం ముగ్గురికి పంపాలి. ఒకరు ఫోన్‌లో సందేహం అడిగితే ఇచ్చిన జవాబును మిగతా వారికి కూడా వాట్సాప్‌లో పంపాలి. కొటేషన్లు విప్పినప్పుడు ఎవరైనా రవాణా గడిని ఖాళీగా వదిలితే అది ఉచితమని అనుకోవద్దు. ఆ ఖర్చు మొత్తంలో కలిసిందో లేదో వారినుంచి రాతపూర్వకంగా తెప్పించుకుని, ఆ తరువాతే ఆ ధరను పట్టికలోకి ఎక్కించాలి.