అంతరిక్ష కేంద్రంలో ఆరు నెలలు: ఓరుగల్లు వైపు నుంచి వెళ్ళే కొత్తవారికి సూచనలు

వరంగల్, హనుమకొండ, కరీంనగర్ ఇళ్ళలో పిల్లలను విదేశాలకు పంపేటప్పుడు ఏ తొక్కు కట్టివ్వాలో, ఏ స్వెటర్ కొనాలో చెప్పేవారికి కొదవ లేదు. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి వెళ్ళేవారికి అలా దగ్గర కూర్చొని చెప్పే పెద్దలు మన వైపు ఇంకా తయారు కాలేదు. 2000 నవంబరు 2 నుంచి ఆ కేంద్రంలో మనుషులు లేని రోజు లేదు. హైదరాబాద్ మూలాలున్న అమెరికా వ్యోమగామి రాజా చారి 2021 నవంబరు నుంచి 2022 మే వరకు అక్కడ నివసించారు. భారత వ్యోమగామి శుభాంశు శుక్లా 2025 జూన్, జూలై నెలల్లో 18 రోజులు గడిపి వచ్చారు. రేపు మన పిల్లలూ వెళ్తారన్న నమ్మకంతో ఇది రాస్తున్నాను. యంత్రాలను నడపడం శిక్షణలో నేర్పుతారు కాబట్టి, ఇక్కడ రోజువారీ జీవనం గురించే చెబుతాను.

అన్నిటికంటే ముందు అర్థం చేసుకోవలసినది ఒకటుంది. మన ఇంట్లో దుమ్ము నేలకు దిగడం, వేడిగాలి పైకి లేవడం, నీళ్ళు కిందికి జారడం మనం ఎవరికీ చెప్పకుండానే జరిగిపోతాయి. కేంద్రం తిరిగే సుమారు 400 కిలోమీటర్ల ఎత్తులో కూడా భూమి ఆకర్షణ దాదాపు తొంభై శాతం ఉంటుంది. కానీ కేంద్రమూ, అందులోని మనుషులూ, వస్తువులూ అన్నీ కలిసి ఒకే తీరుగా భూమి చుట్టూ పడుతూ ఉంటాయి కాబట్టి బరువు తెలియదు. అందువల్ల నేలమీద బరువు చేసిపెట్టే ప్రతి చిన్న పనినీ అక్కడ ఫ్యానో, పట్టీయో, మీ అలవాటో చేయాలి.

నిద్ర సంగతే చూడండి. పడుకునే సంచిని గోడకు కట్టుకొని, టెలిఫోన్ బూత్ అంత గదిలో నిద్రపోతారు. గాలి ఆడని మూలలో పడుకుంటే మీరు వదిలిన ఊపిరి మీ ముఖం చుట్టూనే నిలిచిపోయి, తలనొప్పితో మెలకువ వస్తుంది. కేంద్రంలో కార్బన్ డయాక్సైడ్ మామూలుగానే భూమి మీదికంటే ఎన్నో రెట్లు ఎక్కువ. కాబట్టి గాలి వచ్చే రంధ్రాన్ని బట్టతోగానీ సంచితోగానీ ఎన్నడూ మూయకండి. ఫ్యాన్ల చప్పుడు రాత్రంతా ఉంటుంది, దానికి చెవుల్లో పెట్టుకునే బిరడాలు ఉన్నాయి. ఏదైనా వస్తువు చేజారి కనబడకపోతే గాలిని లోపలికి పీల్చుకునే జాలీల దగ్గర వెతకండి, చాలా సార్లు అక్కడే దొరుకుతుంది.

తిండి దగ్గర కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మన వాళ్ళు ఎక్కువ బెంగపడేది అక్కడే. మొదటి రెండు మూడు రోజులు చాలామందికి కడుపులో తిప్పుతుంది. ఆ రోజుల్లో తల గబుక్కున తిప్పకుండా, కొద్దికొద్దిగా తినాలి. ఒంట్లోని ద్రవాలు తలవైపు చేరడంతో ముఖం ఉబ్బి, ముక్కు దిబ్బడ వేసి, రుచులు చప్పబడతాయి. అందుకే అక్కడివారు కారాన్ని అంతగా కోరుకుంటారు. మామిడికాయ తొక్కు వంటిది అనుమతి దొరికితే తప్పక పెట్టుకోండి. జిగటగా ఉన్న పదార్థం చెంచాకు అంటుకొని ఉంటుంది కాబట్టి తినడానికీ అనువుగా ఉంటుంది. సకినాలు మాత్రం ఇంట్లోనే తిని వెళ్ళండి. సంక్రాంతికి అమ్మ ఎంత ప్రేమతో చుట్టినా, కొరకగానే రాలే పొడి గాలిలో తేలి తోటివారి కళ్ళలోకి, యంత్రాలలోకి పోతుంది. ఉప్పును, మిరియాలను కూడా అక్కడ ద్రవరూపంలోనే వాడేది ఈ కారణం చేతనే. మెక్సికో వ్యోమగామి రొడాల్ఫో నేరి వేలా 1985లో టోర్టిల్లాలను, అంటే తమ దేశపు పలుచని రొట్టెలను, అంతరిక్షానికి తీసుకెళ్ళినప్పటి నుంచి బ్రెడ్డు స్థానం వాటిదే. చపాతీ తినే మనకు అది కొత్తగా ఉండదు. శుక్లా గారు క్యారెట్ హల్వా, పెసరపప్పు హల్వా, మామిడి రసం తీసుకెళ్ళి తోటివారితో పంచుకున్నారు. ఏడుగురు నెలల తరబడి కలిసి ఉండే ఇంట్లో మీరు పెట్టే ఒక ముద్ద ఎంతో స్నేహాన్ని తెస్తుందని నా గట్టి అభిప్రాయం.

నీటి విషయంలో సంకోచం వదలండి. చెమట, ఊపిరిలోని తేమ, మూత్రం అన్నీ శుద్ధి అయి తిరిగి తాగునీరవుతాయి; 2023లో ఈ వ్యవస్థ 98 శాతం నీటిని తిరిగి రాబట్టగలిగింది. బట్టలు ఉతికే వీలు లేదు. మాసిన బట్టలను చెత్తతో పాటు, సరుకులు తెచ్చిన అంతరిక్ష నౌకలో నింపి పంపితే, అది వాతావరణంలో కాలిపోతుంది. శనివారం అందరూ కలిసి, కదలడానికి పట్టుకునే కమ్మీలు తుడిచి, జాలీలు శుభ్రం చేస్తారు. ఆ పనిని ఎన్నడూ తప్పించుకోకండి.

పండుగలకు దీపం, అగరుబత్తి కుదరవు. బతుకమ్మ నాడు మీ దగ్గర ఏదైనా ఉండాలనుకుంటే, రంగు గుడ్డతో కుట్టిన చిన్న బొమ్మను ప్రయాణానికి చాలా ముందుగానే పరీక్షకు ఇవ్వండి, ఎందుకంటే సొంత సామానుకు దొరికే చోటు బహు తక్కువ.

ఇంటితో మాట్లాడే వేళలను వెళ్ళకముందే తేల్చుకోవాలి. కేంద్రంలో గడియారం గ్రీన్‌విచ్ కాలాన్ని అనుసరిస్తుంది. అక్కడ ఉదయం 6 గంటలకు లేచేసరికి హనుమకొండలో 11:30 అవుతుంది. అక్కడ సాయంత్రం 7 గంటలకు పని ముగిసేసరికి ఇక్కడ అర్ధరాత్రి దాటి 12:30. కాబట్టి పని రోజుల్లో మీ మధ్యాహ్న భోజనవేళే అమ్మానాన్నలకు సాయంత్రం మాట్లాడే సమయం. మీరు ఇంటికి ఫోన్ చేయగలరు కానీ ఇంటివాళ్ళు మీకు చేయలేరు. మాట ఉపగ్రహాల మీదుగా తిరిగి రావడం వల్ల మొదట కాసేపు నిశ్శబ్దం వినిపిస్తుంది, రాంగ్ నంబర్ అనుకొని పెట్టేయవద్దని బాపుకు ముందే చెప్పండి. కేంద్రం వరంగల్ మీదుగా వచ్చే సంధ్యవేళలను కూడా వారికి తెలియజేయండి; ఆకాశం నిర్మలంగా ఉంటే మిద్దె మీది నుంచి మెరిసే చుక్కలా కొన్ని నిమిషాలు కనబడుతుంది. మీకు మాత్రం హనుమకొండ నుంచి హైదరాబాద్ దాకా దాదాపు 20 సెకన్లలో దాటిపోతుంది, కనుక గోదావరి గీతను ఆనవాలు పట్టుకొని కిటికీ దగ్గర ముందే సిద్ధంగా ఉండండి.

రోజుకు సుమారు రెండు గంటల వ్యాయామాన్ని పని ఒత్తిడిలో ఎన్నడూ వదులుకోవద్దు. జాగ్రత్త పడకపోతే శరీరం బరువు మోసే ఎముకల్లో నెలకు ఒకటి నుంచి ఒకటిన్నర శాతం సాంద్రత తగ్గుతుంది. అరికాళ్ళ చర్మం మెత్తబడి ఊడిపోతుంది. కమ్మీల కింద పాదాలు ఇరికించి నిలబడటం వల్ల పాదాల పైభాగం గట్టిపడుతుంది. దానికి భయపడనక్కరలేదు, మేజోళ్ళు మాత్రం మందమైనవి తీసుకోండి.

తిరిగి వచ్చాక కొన్ని రోజులు మలుపుల దగ్గర గోడ పట్టుకొని నడవండి. చేతిలోని గ్లాసును గాలిలో వదిలేసే అలవాటు కూడా వెంటనే పోదు. చుట్టాలు, స్నేహితులు రైల్వే స్టేషన్‌కు దండలతో వస్తామంటారు. వైద్యులు తిరగవచ్చని చెప్పేవరకు ఆ ప్రయాణం పెట్టుకోకుండా, అమ్మానాన్నలనే మీరున్న చోటికి పిలిపించుకోండి.