ముందు సీటు పైకి జరపండి: చవక సైకిలుతో బెజవాడ, గుంటూరు రోడ్ల మీదికి

ముప్పై దాటాక మళ్ళీ సైకిలెక్కాలంటే కాళ్ళకన్నా ముందు మనసు మొరాయిస్తుంది. ఎదురింటావిడ "బండి అమ్మేశారా అండీ?" అంటుందేమో, సందు చివర కుర్రాళ్ళు నవ్వుతారేమో, బ్యారేజీ మీద లక్ష రూపాయల సైకిళ్ళ పక్కన మన ఏడువేల సైకిలు వెలవెలబోతుందేమో! నిజానికి దారిన పోయేవాళ్ళెవరూ సైకిలు ధర చూడరు. వాళ్ళ చూపు పడేది మూడింటి మీద: మోకాళ్ళు రెండూ బయటికి విచ్చుకుపోవడం, చెయిను కిర్రుకిర్రుమనడం, ఎక్కేటప్పుడూ ఆగేటప్పుడూ తూలడం. ఈ మూడూ సీటెత్తు, నూనె, గాలి, నాలుగు రోజుల సాధనతో పోయేవే. అవి పోతే బెరుకు సగం పోయినట్టే. అందుకే ఇక్కడ వ్యాయామం సంగతి తక్కువ, పానా సంగతి ఎక్కువ.

కొనేటప్పుడు

ఇంద్రకీలాద్రి, గుణదల కొండలు పక్కనపెడితే బెజవాడ రోడ్లు చదునే. గుంటూరైతే మరీను. ఎత్తంటే ఫ్లైఓవర్లే. కాబట్టి ఈ ధరలో గేర్ల సైకిలు జోలికి పోకండి. చవక గేర్లు నెల తిరక్కుండానే సర్దు తప్పుతాయి, వీధి చివర షాపులో వాటిని సరిచేసేవాళ్ళు తక్కువ. ముందూ వెనకా స్ప్రింగులున్న సైకిలు చూడ్డానికి బాగుంటుంది గానీ, తొక్కిన బలంలో కొంత ఆ స్ప్రింగు మింగేస్తుంది, బరువూ ఎక్కువే. స్ప్రింగుల్లేని, గేర్లు లేని, 26 అంగుళాల చక్రాల సైకిలు మొదటిదానికి సరిపోతుంది.

షాపుకు వెళ్ళేటప్పుడు జేబులో చిన్న అయస్కాంతం వేసుకెళ్ళండి. రిమ్ముకు ఆనించండి. అంటుకుంటే ఇనుప రిమ్ము, అంటుకోకపోతే అల్యూమినియం రిమ్ము. బ్రేకు రిమ్మును పట్టుకొనే సైకిలైతే అల్యూమినియందే తీసుకోండి. మెరిసే ఇనుప రిమ్ము తడిస్తే బ్రేకు జారిపోతుంది, వానలో ఆగాల్సిన చోట ఆగదు. పాత నల్ల సైకిళ్ళకు ఉన్న జబ్బు ఇదే. తర్వాత ఫ్రేము పైకడ్డీని కాళ్ళ మధ్య పెట్టుకొని నిలబడండి. కడ్డీకీ మీకూ మధ్య రెండంగుళాల సందుండాలి. చీర, చుడీదారుతో తొక్కేవాళ్ళకు పైకడ్డీ కిందికి వంగిన ఫ్రేమే సుఖం. చెయిను కవరు మాత్రం తప్పనిసరిగా ఉండాలి. చున్నీని నడుముకు కట్టేసుకోండి. ప్యాంటైతే కుడికాలి అంచుకు ఒక రబ్బరు బ్యాండు చాలు.

కొత్త సైకిలు షాపులో అరగంటలో బిగించి ఇచ్చేస్తారు. ఇంటికి తీసుకెళ్ళే ముందు అక్కడే చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. ముందు చక్రాన్ని రెండు వైపులా పట్టుకొనే ఫోర్కు తిరగబడి ఉందేమో చూడండి. దాని కింది కొసలు ముందుకు వంగి ఉండాలి. వెనక్కి ఉంటే హ్యాండిల్ అదురుతుంది, మలుపులో కాలు చక్రానికి తగులుతుంది. బ్రేకు రబ్బర్లు రిమ్ముకే తగలాలి. వెంట్రుకవాసి టైరుకు తగిలినా పది రోజుల్లో టైరు పక్కగోడ కోసుకుపోతుంది. ఎడమ పెడలు మర ఉల్టా తిరుగుతుంది. దాన్ని తెలియక బలవంతంగా ఎక్కిస్తే మర చెడి, పెడలు వంకరగా తిరుగుతూ ఉంటుంది. అలా కనిపిస్తే అక్కడికక్కడే మార్పించుకోండి.

సీటు

షాపువాళ్ళు సీటు కిందికి దించి ఇస్తారు, కొన్నవాళ్ళు దాన్ని అలాగే వదిలేస్తారు. మోకాళ్ళు విచ్చుకోవడానికీ, పావుగంటకే తొడలు పట్టేయడానికీ, "నాకు చేతకాదు" అనుకోవడానికీ మూలం ఇదే. సరిచేయడం ఇలా: సైకిల్ని గోడకు ఆనించి సీటు మీద కూర్చోండి. పెడల్ని పూర్తిగా కిందికి తెచ్చి, చెప్పుల్లేకుండా మడమ దాని మీద పెట్టండి. కాలు నిటారుగా సాగాలి, నడుము పక్కకి ఒరగకూడదు. తొక్కేటప్పుడు మడమ బదులు పాదం ముందు భాగం పెడతారు కాబట్టి మోకాలు కాస్త వంగి సరిగ్గా సరిపోతుంది.

ఈ ఎత్తులో కూర్చుంటే నేలకు కాలివేళ్ళే అందుతాయి. భయమేస్తుంది, నిజమే. మొదటి వారం రెండు సెంటీమీటర్లు తక్కువ పెట్టుకోండి. సరైన ఎత్తు దగ్గర సీటు కడ్డీ మీద మార్కరుతో గీత గీసి, మూడు రోజులకోసారి అర సెంటీమీటరు చొప్పున పైకి జరపండి. కడ్డీ మీద కంపెనీ చెక్కిన గీత ఒకటుంటుంది, అది ఫ్రేము బయటికి కనపడకూడదు. కనపడితే కడ్డీ విరిగే ప్రమాదం ఉంది. సీటు ముక్కు నేలకు సమంగా ఉండాలి.

తర్వాత వచ్చే నొప్పులే ఎటు జరపాలో చెబుతాయి. మోకాలి ముందు నొప్పి అంటే సీటు ఇంకా కిందుందని. మోకాలి వెనక లాగుతుంటే ఎక్కువ ఎత్తైందని. పిరుదుల ఎముకల దగ్గర నొప్పి రెండు వారాల్లో దానంతటదే తగ్గుతుంది. దానికోసం మందపాటి జెల్ కవరు కొనకండి. ఎముకలు అందులో దిగబడి, దాని మధ్య ఉబ్బు మెత్తటి చోట ఒత్తుతుంది, తిమ్మిరెక్కుతుంది.

గాలి, ఎక్కడం, దిగడం

టైరును వేలితో నొక్కి చూసి "గట్టిగానే ఉంది" అనుకోవడం అందరూ చేసే పొరపాటు. టైరు పక్కనే అంకె ఉంటుంది. గాలి ఒత్తిడిని పీఎస్ఐలలో కొలుస్తారు, 26 అంగుళాల టైర్లకు సాధారణంగా 40 నుంచి 65 పీఎస్ఐ. డెబ్బై కిలోల మనిషికి ముందు 45, వెనక 50 బాగుంటాయి. వారానికోసారి కొట్టాలి. గాలి తక్కువుంటే ఆయాసం మన ఒంటి లోపం అనిపిస్తుంది, గుంటలో పడగానే ట్యూబు రిమ్ముకూ రోడ్డుకూ మధ్య నలిగి పాము కాటులా రెండు చిల్లులు పక్కపక్కనే పడతాయి. పంక్చరు షాపులో ట్యూబు చూపించమనండి. అలాంటి జంట చిల్లులుంటే తప్పు మేకుది కాదు, గాలిది. పెట్రోలు బంకు కంప్రెసరు జాగ్రత్త: సైకిలు ట్యూబు చిన్నది, క్షణాల్లో నిండి పేలుతుంది. కాలితో నొక్కి పట్టి చేత్తో కొట్టే పంపు ఒకటి ఇంట్లో ఉంటే చాలు.

సీటు మీద కూర్చొని కాలితో తోసుకుంటూ బయల్దేరేవాళ్ళే ఎక్కువ తూలుతారు. సైకిలు కడ్డీకి రెండు వైపులా కాళ్ళు పెట్టి నిలబడండి, ఇంకా సీటెక్కొద్దు. కుడి పెడల్ని గడియారంలో రెండు గంటల ముల్లు ఉండే చోటికి తెచ్చి, దాని మీద బరువు మోపి నొక్కండి. సైకిలు ముందుకు కదులుతుంది, మీరు పైకి లేస్తారు, ఆ ఊపులోనే సీటు మీదికి జరగండి. ఆగేటప్పుడు ఇదే తిరగేసి చేయాలి. రెండు బ్రేకులూ పట్టి, సీటు నుంచి ముందుకు జారి, ఎడమకాలు నేల మీద పెట్టండి. సీటు మీద కూర్చొనే కాలందించాలని చూస్తేనే పక్కకి పడతారు. ముందు బ్రేకు ఒక్కటే గట్టిగా పట్టొద్దు. ఏదైనా ఖాళీ లేఅవుట్లో దీన్ని ఇరవైసార్లు చేస్తే వంటికి అలవాటవుతుంది.

అసలు తొక్కడమే రానివాళ్ళు పెడళ్ళు రెండూ విప్పించేయండి. కుడిది అపసవ్యంగా, ఎడమది సవ్యంగా తిప్పితే ఊడతాయి. సీటు దించి, కాళ్ళతో నేలను తోసుకుంటూ పాదాలెత్తి దొర్లండి. బ్యాలెన్సు నిలిచాక పెడళ్ళు బిగించుకోవచ్చు. వెనకాల ఎవరో పట్టుకొని పరిగెత్తడం కన్నా ఇది త్వరగా వస్తుంది, చూసేవాళ్ళూ ఉండరు.

ఎక్కడ, ఎప్పుడు

వేళ పొద్దున అయిదున్నర నుంచి ఏడు. ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఏడున్నరకి ఇంట్లో ఉండాలి, ఆ తర్వాత ఎండ ప్రమాదం. సీసాలో నీళ్ళు, తిరిగొచ్చాక ఉప్పేసిన పల్చటి మజ్జిగ.

బెజవాడలో మొదటి రెండు వారాలు కాలనీ వీధులు చాలు. తర్వాత ప్రకాశం బ్యారేజీ. 1957లో పూర్తయిన ఈ వంతెన పొడవు సుమారు 1,223 మీటర్లు, అంటే వెళ్ళి వస్తే దాదాపు రెండున్నర కిలోమీటర్లు, దూరం లెక్కేసుకోవడానికి మంచి కొలబద్ద. లారీలు, బస్సుల్లాంటి భారీ వాహనాలను అనుమతించరు, పొద్దున నడిచేవాళ్ళుంటారు. కృష్ణ మీద గాలి మాత్రం ఎదురొస్తే పట్టి ఆపేస్తుంది. వెళ్ళేటప్పుడు హాయిగా ఉందంటే తిరుగు దారిలో ఎదురుగాలి ఉందని లెక్క. వంతెన అతుకుల్ని, గుంటూరులో రైలు పట్టాల్ని అడ్డంగా, సూటిగానే దాటండి. ఏటవాలుగా దాటితే చక్రం సందులో ఇరుక్కుంటుంది. బెంజ్ సర్కిలు, రామవరప్పాడు రింగు, కనకదుర్గ ఫ్లైఓవరు కొత్తవాళ్ళకు వద్దు. గుంటూరులో మిర్చి సీజన్లో, అంటే ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా, యార్డు వైపు దారులు వదిలేయండి. లారీల రద్దీ ఒక ఎత్తు, ఘాటుకు కళ్ళు మండి దారి కనపడకపోవడం ఇంకో ఎత్తు.

రోడ్డు అంచుకు మరీ అతుక్కోకండి. ఇసుక అక్కడే ఉంటుంది, ఆపిన కారు తలుపులు తెరుచుకొనేదీ అక్కడే. అంచు నుంచి రెండు మూడడుగులు లోపలికుండి, ఒకే గీతలో వెళ్ళండి. ముందున్న ఆటో ఎప్పుడైనా ఆగుతుందనుకొనే తొక్కండి. కుక్కలు వెంటపడితే వేగం పెంచొద్దు. దిగి, సైకిల్ని మీకూ వాటికీ మధ్య పెట్టుకొని నడవండి, చాలావరకు వదిలేస్తాయి. హెల్మెట్టు, వెనక ఎర్ర లైటు చీకటితో బయల్దేరే ప్రతిరోజూ ఉండాల్సిందే.

ఎదురింటావిడ అడిగితే "పొద్దున కాసేపు తొక్కుతున్నానండీ" అంటే సరిపోతుంది. రెండోసారి అడగరు.

చప్పుళ్ళు

చక్రం తిరిగినప్పుడల్లా ఒకసారి చర్రుమంటే బ్రేకు రిమ్ముకు తగులుతోంది, లేదా చక్రం బెండైంది. ఎడతెగకుండా కిర్రుమంటే చెయిను ఎండిపోయింది. చెయినుకు కొబ్బరి నూనె రాయొద్దు, అది దుమ్ముతో కలిసి జిగురవుతుంది. గ్రీజూ అంతే. కుట్టుమిషను నూనె తెచ్చి, చెయిను ఒక్కో లింకుకు ఒక్కో చుక్క వేసి, పెడల్ని వెనక్కి ఇరవైసార్లు తిప్పి, పది నిమిషాలాగి, పాత బట్టతో పైనంతా తుడిచేయండి. నూనె ఉండాల్సింది లోపల. పైన మిగిలింది దుమ్ము పట్టడానికే. పదిహేను రోజులకోసారి చాలు, వానలో తడిస్తే ఆ రోజే.

పెడలు ఒక చుట్టు తిరిగినప్పుడల్లా "టక్" మంటే మాత్రం ఆ పూటే దిగి చూడండి. చవక సైకిళ్ళ ప్రాణం తీసేది ఇదే. క్రాంకు అంటే పెడలు తగిలించిన చేయి. చాలా సైకిళ్ళలో దాని మధ్యలో నలుచదరపు రంధ్రం ఉంటుంది, అది ఇనుప ఇరుసు మీద బిగుసుకొని ఉండాలి. ఎక్కువగా ఎడమవైపుది వదులవుతుంది. వదులుగా నాలుగు రోజులు తొక్కితే గట్టి ఇరుసు ఆ చదరాన్ని అరగదీసి గుండ్రంగా చేసేస్తుంది. ఆ తర్వాత ఎంత బిగించినా నిలవదు, క్రాంకు మార్చాల్సిందే. ప్లాస్టిక్ మూత తీసి లోపలి బోల్టును 14 నంబరు బాక్సు పానాతో, కొన్నింటికి 8 నంబరు అలెన్ కీతో, గట్టిగా బిగించండి. రెండు నిమిషాల పని. కొత్త సైకిలుకు యాభై కిలోమీటర్లు నిండగానే ఇదొకసారి చేసి, షాపులో చక్రం బెండు తీయించి, సాగిన బ్రేకు తీగలు బిగించుకోండి. చక్రాల నట్లకు సాధారణంగా 15 నంబరు పానా.

ఎంత దూరం

మొదటి వారం మూడు రోజులు, రోజుకు ఇరవై నిమిషాలు, మూడు నాలుగు కిలోమీటర్లు. తర్వాత వారానికి కిలోమీటరో రెండో పెంచుకుంటూ ఆరో వారానికి పదీ పన్నెండు. ముందు పళ్ళచక్రం 44, వెనక 18 పళ్ళు ఉంటే నిమిషానికి అరవై చుట్లు తిప్పినప్పుడు గంటకు సుమారు 18 కిలోమీటర్ల వేగం వస్తుంది. మొదట్లో అది బరువనిపిస్తే, ఎదురుగాలికి మోకాళ్ళు పట్టేస్తుంటే, వెనక పళ్ళచక్రం, అంటే ఫ్రీవీలు, తీయించి 20 పళ్ళది వేయించండి. వేగం పదో వంతు తగ్గుతుంది, తొక్కడం ఆ మేరకు తేలికవుతుంది. చెయిను పొట్టిదైతే దాన్నీ కాస్త పెంచమనండి.

ఆ ఆరో వారంలో ఒక ఆదివారం పొద్దున బ్యారేజీ దాటి, సీతానగరం మీదుగా ఉండవల్లి గుహల దాకా వెళ్ళి రండి. పంపూ ప్యాచీలూ వెంట ఉంచుకోండి, కరకట్టల పక్కన తుమ్మముళ్ళుంటాయి. పంక్చరైతే ట్యూబుకు ప్యాచీ వేసి ఊరుకోకండి. టైరు లోపలివైపు పాత గుడ్డతో చుట్టూ తుడవండి. గుడ్డ ఎక్కడ పట్టుకుంటుందో అక్కడ ముల్లు మొన ఉంటుంది. దాన్ని బయటినుంచి పీకకపోతే ఇంటికి చేరేలోగా అదే చోట మళ్ళీ గాలి పోతుంది.