వరదలో తడిసిన కాగితాలు, ఫొటోలు ఎలా ఆరబెట్టాలి?

ముందే చెప్పేస్తున్నా. ఎండలో పెట్టకండి. ఇస్త్రీ చేయకండి. ఈ రెండు ముక్కలు చదివి మీ పని మీరు చూసుకున్నా నాకు కొంత మనశ్శాంతి.

విజయవాడలో నాది బైండింగు పని. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు సింగ్ నగర్ మీద పడ్డాక నా దగ్గరికి పుస్తకాలు రావడం ఆగిపోయి పాలిథిన్ సంచులు రావడం మొదలైంది. సంచిలో పాసుపుస్తకం, మార్కుల మెమో, పెళ్లి ఆల్బం, అన్నీ కలిసి ఒకటే ముద్ద. కొన్ని వీధుల్లో నీళ్లు వారం దాటినా దిగలేదు. ఫ్రిజ్జు, బండి, పరుపులు పోయినవాళ్లు కూడా వాటి ఊసెత్తలేదు. సంచి బల్ల మీద పెట్టి ‘అన్నా, ఇది విడదీయగలవా’ అనడమే.

ప్రభుత్వం కింది అంతస్తు మునిగిన ఇంటికి 25 వేలు, పై అంతస్తువాళ్లకి 10 వేలు ప్రకటించింది. ఆ డబ్బు రావాలన్నా ఆధార్ కావాలి, బ్యాంకు ఖాతా కావాలి. మనిషి పోతే విపత్తు నిధి నిబంధనల కింద కుటుంబానికి ఇచ్చే 4 లక్షలకీ కాగితాలు కావాలి. నష్టం లెక్కలోకి ఎక్కాలంటే కాగితం చూపించాలి. ఇల్లు మునిగినప్పుడేమో అందరికంటే ముందు మునిగేది బీరువా కింది అరలో ఉండే ఆ కాగితమే. నడుం లోతు నీళ్లు దాటి వచ్చిన ఒక ముసలాయన్ని ‘ఒరిజినల్ ఏదీ’ అని అడిగిన కౌంటరు గుమస్తా ఇంకా నా కళ్ల ముందే ఉన్నాడు.

సామాను

రబ్బరు గ్లౌజులు, మాస్కు, మూడు వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బులు, మంచి నీళ్లు, మెత్తటి బ్రష్షు, దూది. అచ్చు పడని తెల్ల న్యూస్‌ప్రింటు. ప్రెస్సుల్లో తుక్కుగా అమ్ముతారు. పాత దినపత్రిక వాడొద్దు, దాని సిరా మీ కాగితానికి దిగుతుంది. జిరాక్సు షాపులో స్పైరల్ బైండింగుకి పైన వేసే పారదర్శక షీట్లు ఓ పది. అంతే. చేతిమీద పుండు గానీ గీత గానీ ఉంటే మీరు ముట్టుకోకండి, ఇంకొకరితో చేయించండి. అది ఉత్త వాన నీళ్లు కాదు, ఊరి డ్రైనేజీ అంతా కలిసిన నీళ్లు.

ఏది ముందు?

దేన్నీ కదిలించకముందే ఉన్నది ఉన్నట్టు ఫోన్‌లో ఫొటో తీయండి. ముద్దగా ఉన్నా సరే, బురదతో ఉన్నా సరే. రేపు ఎవరైనా అడిగితే చూపించడానికి అదే మిగులుతుంది.

తర్వాత వేరు చేయండి. కాగితాలన్నీ సమానం కాదు. దాదాపు అందరూ సంచిలోంచి ముందు ఆధార్ తీస్తారు. నేను దాన్ని పక్కన పడేస్తా. ఆధార్ మళ్లీ వస్తుంది. రిజిస్టరైన దస్తావేజుకి సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో నకలు దొరుకుతుంది. మెమోకి డూప్లికేటు ఇస్తారు, చెప్పులరిగేలా తిరగాలి అంతే. మళ్లీ పుట్టని కాగితాలు వేరే ఉన్నాయి. తెల్లకాగితం మీద రాసుకున్న పొలం అగ్రిమెంటు, తెలంగాణలో సాదా బైనామా అంటారు చూడండి, అది. ప్రామిసరీ నోటు. రిజిస్టరు చేయించని వీలునామా. అమ్మ చేతిరాత ఉన్న ఉత్తరం. నెగటివ్ ఎప్పుడో పోయిన ఫొటో. మీ ఓపికంతా వీటికి దాచుకోండి.

అసలు కాగితమే మిగలనివాళ్లకి ఈ వ్యాసం పనికిరాదు. 2024 జులై 30న వయనాడులో ముండక్కై, చూరల్‌మల మీద కొండ విరిగిపడి 250 మందికి పైగా పోయారు. ఇళ్లకి ఇళ్లే పోయినచోట ఆరబెట్టడానికి ఏముంటుంది? అక్కడ మేప్పాడిలో క్యాంపులు పెట్టి సర్టిఫికెట్లు మళ్లీ ఇచ్చారు. మీ ఊళ్లో అలాంటి క్యాంపు పెడతారేమో కనుక్కోండి, పెట్టకపోతే పెట్టమని గట్టిగా అడగండి.

బురద వదిలించడం

టబ్బుల్లో నీళ్లు పోసి, పుస్తకాన్ని మూసే ఉంచి రెండు చేతుల మధ్య అదిమి పట్టుకుని, ఒకదాని తర్వాత ఒకటిగా మూడింట్లోనూ ముంచండి. తెరవొద్దు. తెరిస్తే బయటి బురద లోపలికి పోతుంది. రుద్దొద్దు కూడా.

ఇంకు పెన్నుతో రాసినవి, రబ్బరు స్టాంపులు ఉన్నవి, ఇంకుజెట్ ప్రింటర్లో తీసినవి కడగొద్దు. తడి దూది ఓ మూల అద్ది చూడండి, రంగు దిగితే నీళ్ల జోలికి పోకండి. బురద అప్పటికే ఎండిపోయి ఉంటే మళ్లీ తడపకుండా బ్రష్షుతో దులపండి. 2024 ఆగస్టు 31న మా ఊళ్లోనే మొగల్రాజపురంలో కొండరాళ్లు ఇళ్ల మీద పడి మనుషులు పోయారు. అటువైపు నుంచి వచ్చిన కాగితాల్లో మట్టి, రాతి పొడి పట్టి ఉన్నాయి. అలాంటి వాటిని కడిగితే ఆ పొడి గరుకు కాగితంలా గీరేస్తుంది.

మునిసిపాలిటీ వాళ్లిచ్చే బ్లీచింగ్ పౌడరు నేలకి. కాగితానికి కాదు. కాగితం శుభ్రపడాలని బ్లీచింగ్ నీళ్లలో ముంచితే రాతంతా పోయి తెల్లకాగితం చేతికొస్తుంది. వీలునామాని అలా చేసుకొచ్చిన కుటుంబాన్ని చూశాను.

ఇవాళ కుదరకపోతే ఫ్రీజర్

మన వానాకాలంలో రెండు మూడు రోజులకే బూజు లేస్తుంది. ఇల్లు కడుక్కోవాలా, కాగితాలు చూసుకోవాలా అని టెన్షన్ పడేవాళ్లకి నేను చెప్పేది ఒకటే. తడి కాగితాలు చిన్న చిన్న కట్టలుగా ప్లాస్టిక్ కవర్లలో పెట్టి ఫ్రీజర్లో పడేయండి. నవ్వుతారు. నవ్వండి. మా చెల్లెలి ఫ్రీజర్లో పచ్చి బఠాణీల పక్కన మూడు కుటుంబాల ఆస్తి కాగితాలు పది రోజులున్నాయి. గడ్డకట్టినంత కాలం బూజు పెరగదు, రంగు కారదు. మీ ఫ్రిజ్జు మునిగితే మునగని వీధిలో చుట్టాలింటికి పంపండి. తీసేటప్పుడు మాత్రం ఆ రోజు చేయగలిగిన కట్ట ఒక్కటే తీయండి. కవర్లోనే కరగనివ్వండి. ఫొటోల్ని వీలైనంత వరకు ఇందులో పెట్టొద్దు, వాటి కథ వేరు.

విడదీయడం

ఇక్కడ ఆగండి. నేను చూసిన కాగితాల్లో వరద పాడుచేసినవి తక్కువ. వరద తర్వాత మనుషులు పాడుచేసినవే ఎక్కువ.

తడిసిన కాగితానికి బలం ఉండదు. దాని బరువుకే అది చిరుగుతుంది. మూల పట్టుకుని లాగితే మూల మీ చేతిలోకి వస్తుంది, మిగతాది అక్కడే ఉంటుంది. పూర్తిగా ఎండబెట్టి తీద్దాం అనుకుంటే సన్నటి ఒండ్రు జిగురులా పట్టి అట్టలా తయారవుతుంది. కాబట్టి వేళ చూసుకోవాలి. దోసె తీసేవాళ్లకి ఈ సంగతి నేను చెప్పక్కర్లేదు. తొందరపడితే ముద్దవుతుంది, ఆలస్యమైతే పెనానికి అంటుకుంటుంది. అంచు తనంతట తాను లేచేదాకా ఆగాలి. కట్టని న్యూస్‌ప్రింటు మధ్య పెట్టి, నీళ్లు కారడం ఆగి, ముట్టుకుంటే చల్లగా చెమ్మగా ఉన్నప్పుడు మొదలుపెట్టండి.

ఇప్పుడు పారదర్శక షీటు. దాన్ని కట్ట మీద పరిచి అరచేత్తో మెల్లగా నిమరండి. తడికి పై కాగితం షీటుని పట్టుకుంటుంది. షీటుని ఓ మూల నుంచి పైకి కాదు, వెనక్కి, దాదాపు పడుకోబెట్టినట్టు మడుస్తూ తీయండి. షీటుతో పాటు కాగితం వస్తుంది. ఒకటే రాకపోవచ్చు, మూడు నాలుగు కలిసి రావచ్చు. రానివ్వండి. వాటిని బల్ల మీద బోర్లించి, ఇంకో షీటు ఇటు వేసి మళ్లీ అదే పని. బరువు మోసేది షీటు, కాగితం కాదు. రహస్యమంతా అంతే.

రాకపోతే? ఆపండి. అరగంట ఆగి ఇంకో మూల నుంచి ప్రయత్నించండి. గోరు పెట్టొద్దు, బ్లేడు పెట్టొద్దు, హెయిర్ డ్రయ్యర్ పెట్టొద్దు. హెయిర్ డ్రయ్యర్ చిట్కా ఫోన్లో వీడియోలు చూసి వస్తోంది. పై కాగితం ఎండి ముడుచుకుంటుంది, కింది కాగితం తడిగానే ఉంటుంది, మధ్యలో చిరుగు. ఆవిరి పట్టే వాళ్లూ ఉన్నారు. తపాలా బిళ్ల ఊడదీయడానికి ఆవిరి సరే, స్టాంపు పేపరు మీద సిరాకి కాదు.

ఇంకో హెచ్చరిక. నున్నటి, మెరిసే కాగితాలకి ఈ లెక్క తిరగబడుతుంది. శుభలేఖలు, ఆర్టు పేపరు మీద వేసిన సావనీర్లు, కొన్ని సర్టిఫికెట్లు. వాటి మీది పూత ఎండితే ఒకదానికొకటి అతుక్కుని ఇటుకైపోతుంది, ఇక బ్రహ్మదేవుడు దిగొచ్చినా విడదీయలేడు. వీటిని తడిగా ఉండగానే ముందు విడదీయండి. అందుకే సంచి విప్పగానే మెరిసేవి ఒకవైపు, మామూలు కాగితం ఒకవైపు పెట్టమంటాను. ఎవరూ వినరు.

విడదీసే ప్రతి పేజీకీ నంబరు రాసిన చీటీ పక్కన పెట్టండి. తడి కాగితం మీద పెన్సిల్‌తో రాయకండి, చిరుగుతుంది.

ఫొటోలు

ఈ పని నేను కాగితాలు పాడుచేసే నేర్చుకున్నా. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలుని ముంచినప్పుడు మా అక్క పెళ్లి ఆల్బం ఎండబెట్టి, తర్వాత లాగాను. అక్క మొహం బావగారి ఫొటో వెనక్కి అతుక్కుని వచ్చింది. అక్క ఏమీ అనలేదు. అనుంటే బాగుండేది.

స్టూడియో ఫొటో మీద బొమ్మ ఒక సన్నటి జిగురు పొరలో ఉంటుంది. తడిస్తే పొర ఉబ్బుతుంది, ఎండితే దేన్ని తాకితే దాన్ని పట్టేస్తుంది. కాబట్టి అతుక్కున్న ఫొటోల్ని ఎండనివ్వకండి. చల్లటి మంచి నీళ్ల టబ్బులో వేసి, అప్పుడప్పుడూ నీళ్లు మారుస్తూ, వాటంతటవి ఊడేదాకా ఆగండి. రెండు రోజులు మించి ఉంచొద్దు, పొరే కరిగిపోతుంది. బొమ్మ ఉన్న వైపు వేలు పెట్టకండి, అంచులు పట్టుకోండి. ఊడాక బొమ్మ పైకి వచ్చేలా నీడలో పరవండి, పైన ఏమీ కప్పొద్దు. ఇంకుజెట్ ప్రింట్లు మాత్రం నీళ్లలో వేయొద్దు, రంగులన్నీ కలిసి కాఫీ డికాక్షన్ అవుతుంది.

ఆరబెట్టడం

ఇది తేలిక. నీడలో, న్యూస్‌ప్రింటు మీద, గాలి ఆడేచోట. ఫ్యాను గోడ వైపు తిప్పండి, కాగితం మీదికి కాదు. పుస్తకమైతే నిలబెట్టి విసనకర్రలా కొద్దిగా తెరిచి ఉంచండి. న్యూస్‌ప్రింటు పూటపూటకీ మార్చండి. దాదాపు ఆరాక రెండు చెక్కల మధ్య పెట్టి పైన బరువు ఉంచితే ముడతలు పోతాయి.

ముఖానికి రాసే పౌడరు చల్లొద్దు. బియ్యంలో పెట్టొద్దు, అది ఫోన్లకే పనిచేయదు. 1966 నవంబరు 4న ఇటలీలో ఆర్నో నది పొంగి ఫ్లోరెన్సు జాతీయ గ్రంథాలయం మునిగినప్పుడు తడి పీల్చడానికి పుస్తకాల్లో రంపపు పొట్టు వేశారు. పొట్టు కాగితాలకి పట్టుకుని అదో కొత్త తలనొప్పి అయింది. అప్పుడు బోలెడు పుస్తకాల్ని పొగాకు ఆరబెట్టే చోట్ల ఆరబెట్టారు, మన ఒంగోలు వైపు బ్యారన్ల లాంటివన్నమాట. ఇది విని మీరు బ్యారన్ వెతకొద్దు. వాళ్లవి లక్షల పుస్తకాలు, మీది ఒక సంచి.

లామినేషన్ చేయించినవి భద్రం అనుకుంటారు. అంచులోంచి నీళ్లు దూరాయంటే బయటికి రావు, లోపలే బూజు పడుతుంది. కాగితానికి తగలకుండా చుట్టూ ఉన్న ఖాళీ ప్లాస్టిక్ అంచుని కత్తిరించండి, గాలి తగిలి మెల్లగా ఆరుతుంది. పొర పీకొద్దు.

ఆఖరిది గోడ మీద దండ వేసి ఉండే ఫ్రేము ఫొటో. నీళ్లలో మునిగి ఆరితే ఫొటో అద్దానికి అంటుకుపోతుంది. సింగ్ నగర్ నుంచి ఒకావిడ భర్త ఫొటో అలాగే తెచ్చింది, ఆయనది ఆ ఒక్కటే ఉంది. విడదీయమంది. నేను విడదీయలేదు, మీరూ విడదీయకండి. అద్దం అలాగే ఉంచి, పైన మరక తుడిచి, అద్దంలోంచే స్కాన్ చేయించి కొత్త ప్రింటు తీయించండి. పాతదాన్ని అద్దంతో సహా గుడ్డలో చుట్టి పడుకోబెట్టి దాచండి. కింది అరలో మాత్రం వద్దు.