రెండున్నరకు పడుకుంటున్న పిల్లలు: నిద్రనూ కంగారునూ దారిలో పెట్టడం ఎలా?

ఇంటర్ పరీక్షలు అయిపోయి, ఈఏపీసెట్‌కో నీట్‌కో ఇంట్లోనే చదువుకునే వారాల్లో చాలామంది పిల్లల నిద్ర గాడి తప్పుతుంది. పడుకునేది రాత్రి రెండున్నరకు, లేచేది పదిన్నరకు. మధ్యాహ్నం అన్నం తిన్నాక రెండు గంటల నిద్ర, మళ్లీ రాత్రి మంచమెక్కగానే గుండె దడ. అప్పుడు పెద్దవాళ్లు చేసే మొదటి పని పదింటికల్లా లైటు తీసేసి పడుకోమనడం. సాధారణంగా బెడిసికొట్టేది ఇక్కడే. రెండున్నరకు అలవాటుపడ్డ ఒంటికి పదింటికి నిద్ర రాదు. ఆ నాలుగున్నర గంటలూ చీకట్లో ర్యాంకు గురించే ఆలోచిస్తూ దొర్లుతారు. కొన్నాళ్లకు మంచం చూస్తేనే కంగారు పుట్టే స్థితి వస్తుంది.

కాబట్టి మార్చాల్సింది పడుకునే వేళను కాదు, లేచే వేళను.

యుక్తవయసులో నిద్రకు సంకేతమిచ్చే మెలటోనిన్ హార్మోన్ రాత్రిపూట ఆలస్యంగా ఊరడం మొదలవుతుంది. అందుకే పదకొండు దాకా నిద్ర రాకపోవడం ఈ వయసులో మామూలే, దాన్ని బద్ధకం అనకండి. 13 నుంచి 18 ఏళ్ల వాళ్లకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. పదకొండు నుంచి ఏడు వరకు పడుకున్నా సరిపోతుంది.

ముందు ఒక వారం ఏమీ మార్చకుండా నోట్‌బుక్‌లో రాయించండి: పడుకున్న వేళ, నిద్ర పట్టిన వేళ, లేచిన వేళ, పగటి కునుకు, తాగిన టీ కాఫీలు, కంగారుకు పదికి ఎన్ని మార్కులు. రాయడం పొద్దున్నే, అంచనాగా చాలు. రాత్రి గడియారం చూస్తూ లెక్కపెడితే ఉన్న నిద్ర కూడా పోతుంది.

తర్వాత అలారాన్ని రెండు రోజులకోసారి 20 నిమిషాలు ముందుకు జరపండి. పదిన్నర నుంచి ఏడుకు రావడానికి మూడు వారాలకు పైనే పడుతుంది. ఒక్కసారిగా ఐదింటికి లేపడం వల్ల నష్టమే ఎక్కువ: వాళ్ల ఒంటికి అదింకా నడిరాత్రి, ఆ వేళ కళ్లలో పడే వెలుగు నిద్రవేళను మరింత వెనక్కి నెట్టొచ్చు. లేచిన అరగంటలోపు 20, 30 నిమిషాలు ఆరుబయట ఉండాలి. మే నెల ఎండలో డాబా మీద నిలబెట్టక్కర్లేదు, వరండా నీడ చాలు. గదిలో ట్యూబ్‌లైటు మాత్రం దానికి సాటి రాదు. ఆదివారమైనా గంటకు మించి ఆలస్యం కానివ్వొద్దు, వారమంతా కూడబెట్టింది ఒక్క ఆదివారం నిద్రతో పోతుంది.

పగటి కునుకు మూడింటిలోపు, 20 నిమిషాలు. టీ, కాఫీ, ఎనర్జీ డ్రింకులు కూడా ఆ వేళకే ఆపాలి, ఎందుకంటే కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికే దాదాపు ఐదు గంటలు పడుతుంది. ఫోన్ ఛార్జింగ్ హాల్లో పెట్టండి, అలారానికి మామూలు గడియారం కొనండి.

కంగారుకు సాయంత్రం ఒక వేళ కేటాయించండి. ఆరున్నర ప్రాంతంలో 15 నిమిషాలు, కాగితం మీద రెండు వరుసలు. ఎడమవైపు ‘రొటేషన్ లెక్కలు రావట్లేదు’, కుడివైపు ‘రేపు 8 నుంచి 9 దాకా పది లెక్కలు’. ‘సీటు రాకపోతే?’ లాంటిదానికి రేపు చేయగల పని ఉండదు, కుడివైపు ఖాళీగా వదిలేయాలి. రాత్రి కొత్త బెంగ వస్తే దిండు పక్కన చీటీ మీద ఒక్క ముక్క రాసి, మిగతాది మర్నాటి ఆరున్నరకు. నచ్చజెప్పబోయి పెద్దవాళ్లు ఇందులో దూరకపోవడమే మేలు.

మంచం నిద్రకే. పుస్తకాలు బల్ల మీదే. కళ్లు బరువెక్కాకే పడుకోవాలి. ఇరవై నిమిషాలయిందనిపించినా నిద్ర పట్టకపోతే లేచి, మసక వెలుతురులో బట్టలు మడతపెట్టడం లాంటి పని చేసి, నిద్ర వచ్చాక మళ్లీ పడుకోవాలి. దడగా ఉంటే నాలుగు అంకెల్లో గాలి పీల్చి, ఆరు అంకెల్లో వదలడం ఐదు నిమిషాలు. ఇది నిద్ర రప్పించడానికి కాదు, ఒళ్లు నెమ్మదించడానికి. నిద్ర కోసం ప్రయత్నిస్తే అది దూరం జరుగుతుంది.

మొదటి వారం పగలు మత్తుగా, చిరాకుగా ఉంటుంది. మాక్ టెస్ట్ మార్కులు తగ్గినా అలారాన్ని వెనక్కి జరపొద్దు.

మెడికల్ షాపులో అడిగి కంగారు తగ్గించే అల్ప్రజోలం మాత్ర తెచ్చివ్వకండి. అలవాటైపోతుంది, ఆపితే కంగారు రెట్టింపుతో తిరిగొస్తుంది. మూడు, నాలుగు వారాలు చేసినా మార్పు లేకపోతే డాక్టర్‌కు చూపించండి. గట్టిగా గురకపెడుతూ మధ్యలో ఊపిరి ఆగుతున్నా, పడుకోగానే కాళ్లు కదపకుండా ఉండలేకపోతున్నా అంతవరకు ఆగొద్దు (కాళ్ల సమస్యకు ఐరన్ లోపం కారణం కావొచ్చు, రక్తపరీక్షలో తెలుస్తుంది). నాలుగైదు రోజులు బొత్తిగా నిద్ర లేకున్నా విపరీతమైన హుషారుగా ఉంటే సైకియాట్రిస్టు దగ్గరకే వెళ్లాలి. చనిపోవాలనుందన్న మాట వస్తే ఒంటరిగా వదలకండి, ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబర్ 14416 ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు, ఫీజు లేదు. పిల్లలు తామే ఫోన్ చేసుకోవచ్చు, ఆ నంబర్ వాళ్ల ఫోన్‌లోనూ ఉండాలి.