ఇంగ్లిష్ నుడికారం, 6వ పాఠం: చిక్కుల్లో పడ్డప్పుడు

పోయిన పాఠంలో ‘ఇన్ హాట్ వాటర్’ అంటే కష్టంలో ఉండటం అని ఒక్క ముక్కలో చెప్పి వదిలేశాను. అది నా పొరపాటే. చాలామంది ‘నాన్నకు జ్వరం, హీ ఈజ్ ఇన్ హాట్ వాటర్’ అని రాసి పంపారు. జ్వరానికి, వానకు, పంట నష్టానికి ఈ మాట వాడరు. మనం చేసిన పనికి ఎవరికో కోపం రావాలి, మనల్ని నిలదీయాలి. చెప్పకుండా సెలవు పెట్టారు, మేనేజర్ పిలిచాడు: ‘ఐ యామ్ ఇన్ హాట్ వాటర్ విత్ మై మేనేజర్’. కోపం ఎవరిదో ‘విత్’ తర్వాత వస్తుంది. దేని గురించో ‘ఓవర్’ తర్వాత వస్తుంది: ‘షీ గాట్ ఇంటూ హాట్ వాటర్ ఓవర్ ద బిల్స్’. రాసేముందు ‘కోపం ఎవరికి?’ అని అడగండి. జవాబు దొరక్కపోతే ‘హీ ఈజ్ హావింగ్ ఎ టఫ్ టైమ్’ అనండి, చాలు.

ఈసారి ‘ఇన్ ఎ పికిల్’. ఏం చెయ్యాలో తోచని చిక్కు. పికిల్ అనగానే మనకు ఆవకాయ గుర్తొస్తుంది కానీ, దాని డచ్ చుట్టం ‘పెకెల్’కు అర్థం ఊరవేసే ఉప్పునీరు.

ఇందులో ‘ఎ’ని మింగేయకండి. తెలుగులో అలాంటి చిన్న మాట లేదు కాబట్టి మన నోరు దాన్ని దాటేస్తుంది. ఇన్ ఎ పికిల్, ఇన్ ఎ జామ్, ఇన్ ఎ ఫిక్స్, ఇన్ ఎ బైండ్, ఇన్ ఎ టైట్ స్పాట్: అన్నిటికీ అర్థం చిక్కులో ఉండటమే, అన్నిటికీ ‘ఎ’ ఉంది. హాట్ వాటర్‌కు లేదు, నీళ్లను ఒకటి రెండు అని లెక్కపెట్టం కదా. ట్రబుల్ కూడా అంతే. ‘ఐ యామ్ ఇన్ ఎ ట్రబుల్’ తప్పు. తెలివైన పిల్లలు ఇంటర్వ్యూలో ఈ ఒక్క అక్షరం దగ్గర తడబడితే నాకు మనసు చివుక్కుమంటుంది.

‘ఆన్ థిన్ ఐస్’ వేరు. ఇంకా మునగలేదు, మరో తప్పు చేస్తే మునుగుతారు. ‘అండర్ ద పంప్’ క్రికెట్ కామెంటరీలో వినే ఉంటారు, ఒత్తిడిలో ఉన్నారని. ‘ఐ యామ్ ఇన్ టెన్షన్’ మన దగ్గర చెల్లుతుంది, బయటివాళ్లతో ‘అండర్ ప్రెషర్’ అనండి. అడకత్తెరలో పోకచెక్కకు నాకు నచ్చిన జోడీ ‘బిట్వీన్ ఎ రాక్ అండ్ ఎ హార్డ్ ప్లేస్’. 1921లో అమెరికాలోని అరిజోనాలో దివాలా తీయడాన్ని ఇలా అనేవారని నమోదైంది.

అభ్యాసం: మీకు నిజంగా జరిగిన ఒక చిక్కును పది వాక్యాల ఇంగ్లిష్‌లో రాయండి. అందులో ఒక్క నుడికారమే వాడాలి. ప్రతి ‘ఎ’ కింద గీత గీసి, పైకి మూడుసార్లు చదవండి.