పెళ్ళికి రెండు నెలలుందనగానే చదవండి: మొటిమల ముఖానికి ఆకులూ రసాలూ పూసే ముందు

ముహూర్తం పెట్టుకోగానే పెళ్ళికూతురి ముఖం మీద మొటిమలు ఇంటిల్లిపాదికీ కనిపించడం మొదలవుతుంది. ఒకరు వేపాకు నూరమంటారు, ఒకరు నిమ్మరసం అంటారు, ఇంకొకరు కలబంద కోసుకొచ్చి చేతిలో పెడతారు. అసలే వేసవి ముహూర్తాలు, చెమట, టెన్షన్, సరైన నిద్ర ఉండదు. అప్పటికే ఎర్రగా వాచి సలుపుతున్న చర్మం మీద రోజుకో ప్రయోగం చేస్తే తట్టుకోలేదు. పెళ్ళికొడుకులకూ ఇదే మాట.

మా పిన్ని కూతురు పెళ్ళికి రెండు వారాల ముందు నిమ్మరసంలో తేనె కలిపి పూసుకుని, ముఖం కడుక్కున్నాననుకుని శుభలేఖలు పంచడానికి మధ్యాహ్నం ఎండలో స్కూటీ మీద వెళ్ళింది. మర్నాటికి చెంప మీద చారలు చారలుగా కాలినట్టు ఎర్రబడింది, ఆ తర్వాత నల్లబడింది, ఆ నలుపు పోవడానికి నెలలు పట్టింది. నిమ్మజాతి కాయల్లో ఉండే కొన్ని పదార్థాలు చర్మం మీద ఉండగా ఎండ తగిలితే నిజంగానే బొబ్బలెక్కుతాయి. దయచేసి నిమ్మకాయను పులిహోరకే ఉంచండి. మన చామనఛాయ చర్మానికి ఇంకో ఇబ్బంది కూడా ఉంది, మంట తగ్గినా మచ్చ ఓ పట్టాన వదలదు.

అలాగని మూలికలన్నీ పనికిరావని అనడం లేదు. టీ ట్రీ ఆయిల్‌నే తీసుకోండి, అది ఆస్ట్రేలియాలో పెరిగే ఒక చెట్టు ఆకుల నుంచి తీసే నూనె. 1990లో ఆస్ట్రేలియాలో 124 మందిమీద 5 శాతం టీ ట్రీ జెల్‌నీ, మొటిమలకు మామూలుగా వాడే మందు 5 శాతం బెంజాయిల్ పెరాక్సైడ్‌నీ పోల్చి చూశారు. రెండూ మొటిమలు తగ్గించాయి, టీ ట్రీ నెమ్మదిగా పనిచేసింది కానీ చర్మాన్ని ఇబ్బంది పెట్టింది తక్కువ. ఇక్కడ గుర్తుపెట్టుకోవాల్సింది ఆ 5 శాతం. సీసాలోని చిక్కటి నూనెను అలాగే అద్దకూడదు. మూత తీసి నెలల తరబడి వెలుతురులో ఉన్న నూనె గాలికి మారిపోయి అలర్జీ తెస్తుంది కాబట్టి పాత సీసా పారేయండి. పిల్లలకు అందనివ్వకండి, అది మింగితే విషం.

కలబంద మట్ట కోయగానే పచ్చగా కారే చేదు పాలు, అదే ఎండితే ముసాంబరం, చాలామందికి దురద పెట్టేది ఆ పాలే. మట్టను కాసేపు నిలబెట్టి అది కారిపోయాక, కడిగి, లోపలి తెల్ల గుజ్జు మాత్రమే తీయండి. పసుపు విడిగా కొనే పొడి అయితే జాగ్రత్త, రంగు కోసం లెడ్ క్రోమేట్ అనే సీసం ఉన్న విషపు రంగు కలిపే కల్తీ ఉంది, కొమ్ములు కొని పట్టించుకోవడం మేలు. అసలు దెబ్బ నలుగు దగ్గర తగులుతుంది. సున్నిపిండితో గట్టిగా రుద్దితే చీము మొటిమలు చితికి మంట ఇంకా పెరుగుతుంది. "అమ్మమ్మా, చేతులకూ కాళ్ళకూ నీ ఇష్టం, ముఖానికి మాత్రం వేలితో అద్ది వదిలెయ్యి" అని ముందే చెప్పుకోండి, పెద్దవాళ్ళు అర్థం చేసుకుంటారు.

ఏది పూయాలనుకున్నా ముందు మోచేతి మడతలో రూపాయి బిళ్ళంత చోట రోజుకు రెండుసార్లు, వారం పది రోజులు రాసి చూడండి. ఒక్క రాత్రి చూసి బాగానే ఉందనుకోవద్దు, అలర్జీ ఆలస్యంగా కూడా బయటపడుతుంది. అందుకే రెండు నెలల ముందు అంటున్నాను. చివరి మూడు వారాల్లో కొత్తది ఏదీ వద్దు, ఫేషియల్‌తో సహా.

డాక్టర్ ఇచ్చిన అడాపలీన్ లాంటి మొటిమల పూత మందులు వాడుతుంటే దానిపైన వేప, ముల్తానీ మట్టి వేయకండి, ముఖానికి వ్యాక్సింగ్ అసలే వద్దు, తోలు ఊడివస్తుంది. మొండి మొటిమలకు ఇచ్చే ఐసోట్రెటినాయిన్ మాత్రలు వాడే అమ్మాయిలైతే పెళ్ళి తేదీ డాక్టర్‌కు తప్పనిసరిగా చెప్పాలి, ఆ మందు వాడుతుండగా గర్భం వస్తే బిడ్డకు తీవ్రమైన లోపాలు వచ్చే ముప్పు చాలా ఎక్కువ. ఇక మూడు రోజుల్లో తెల్లగా నున్నగా చేసే, లోపల ఏముందో రాయని "మూలికల క్రీము" ఎవరిచ్చినా తీసుకోకండి. అలాంటి వాటిలో స్టెరాయిడ్ కలిపి ఉండొచ్చు, మానేసిన వెంటనే మొటిమలు రెట్టింపుగా లేస్తాయి.

లోపల గడ్డలా ఉండి నొప్పి పెట్టేవి, గుంటలు పడేవి ఏ ఆకుకూ లొంగవు, చర్మ వైద్యుల దగ్గరికి వెళ్ళండి. పెళ్ళి దగ్గర పడ్డాక ఒక్క పెద్ద గడ్డే లేస్తే దాన్ని గిల్లకండి, డాక్టర్ అందులోకి చిన్న ఇంజెక్షన్ చేస్తే రెండు మూడు రోజుల్లో అణిగే అవకాశం ఉంది. నుదుటి మీద అన్నీ ఒకే సైజులో దురదగా ఉంటే అది మొటిమ కాకుండా ఫంగస్ కూడా కావచ్చు.

ఏదైనా పూయగానే మంట మొదలైతే చల్లటి నీళ్ళతో కడిగేయండి, చల్లబరచడానికని ఇంకో ఆకు నూరి పెట్టకండి, వాసన లేని వాజెలిన్ పలుచగా రాసి ఎండలోకి వెళ్ళకుండా ఉండండి. బొబ్బలొచ్చినా, కళ్ళు వాచినా ఆ రోజే డాక్టర్‌కు చూపించండి, పూసుకున్న సీసానో, ఆకునో కూడా వెంట తీసుకెళ్ళండి.